మూడు స్వరాల భయం: డ్రాక్యులా సినిమాల వెనుక వాద్యబృందం

దెయ్యాల సినిమా చూస్తూ భయం వేసినప్పుడు మనలో చాలామందిమి కళ్ళు మూసుకుంటాం. కానీ భయం తగ్గదు. పైగా ఇంకా పెరుగుతుంది. ఈసారి కళ్ళు తెరిచే ఉంచి, చెవులు గట్టిగా మూసుకుని చూడండి. తెర మీద పాత బంగళా ఉంటుంది, తలుపు తెరుచుకుంటుంది, ముఖానికి తెల్లరంగు పూసుకున్న మనిషి మెట్లు దిగి వస్తాడు. భయం బదులు నవ్వు వచ్చినా రావచ్చు. అంటే మనల్ని ఇంతసేపూ వణికించినది బొమ్మ ఒక్కటే కాదు. ఆ బొమ్మ వెనుక కూర్చుని వయొలిన్లు, డోళ్ళు, బూరలు వాయించిన పదుల మంది కళాకారులు కూడా. వాళ్ళ పేర్లు టైటిల్స్‌లో కూడా సాధారణంగా కనిపించవు.

ఆ కళాకారుల గురించీ, వాళ్ళ ముందు స్వరాలు రాసిపెట్టిన సంగీత దర్శకుల గురించీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ఎక్కడో ఇంగ్లండులో, అమెరికాలో జరిగిన సంగతి, మనకెందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. చివరి దాకా చదివితే ఎందుకో తెలుస్తుందని మా నమ్మకం.

స్కోరు అంటే మార్కులు కాదు

విద్యార్థులమైన మనకు స్కోరు అనగానే మార్కులు, కొంచెం ఆటల మీద ధ్యాస ఉంటే క్రికెట్ గుర్తొస్తాయి. పాశ్చాత్య సంగీతంలో స్కోరు అంటే ఒక పెద్ద కాగితాల కట్ట. వాద్యబృందంలో ఎవరు, ఏ క్షణంలో, ఏ స్వరం, ఎంత గట్టిగా వాయించాలో అందులో రాసి ఉంటుంది. పేజీలో పై వరుసల్లో ఫ్లూటు, క్లారినెట్ లాంటి ఊదే వాద్యాలు, వాటి కింద ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలు, ఆ కింద డోళ్ళు, గంటలు, అన్నిటికన్నా అడుగున వయొలిన్ కుటుంబం ఉంటాయి. పేజీని అడ్డంగా చదివితే ఒక వాద్యం ఏం పాడుతుందో తెలుస్తుంది. నిలువుగా చదివితే ఆ క్షణంలో అందరూ కలిసి ఏం మోగిస్తున్నారో తెలుస్తుంది.

సినిమా స్కోరుకు ఇంకో నిబంధన కూడా ఉంది. అది గడియారానికి లోబడాలి. సినిమా కత్తిరింపు పూర్తయ్యాక దర్శకుడు, సంగీత దర్శకుడు కూర్చుని ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని నిర్ణయిస్తారు. తలుపు తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు, చెయ్యి కనబడడానికి ఎన్ని సెకన్లు అని లెక్క రాసుకుంటారు. ఆ లెక్కలోనే రాగం ఇమడాలి. అర సెకను ఆలస్యమైతే ప్రేక్షకుడు ముందే తేరుకుంటాడు.

సంగీతం లేని డ్రాక్యులా

పాడుబడ్డ కోటలు, సమాధులు, శాపాలు, గతం వచ్చి వర్తమానం మీద పడడం, వీటితో నడిచే కథలను గోతిక్ కథలు అంటారు. ఇంగ్లీషులో 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన ఒక నవలతో ఇవి మొదలయ్యాయని చెబుతారు. 1818లో మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్', 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' వచ్చాయి. సినిమా పుట్టాక ఈ రెండు కథలూ మళ్ళీ మళ్ళీ తెరకెక్కాయి.

మూకీ రోజుల్లోనే భయానికి వాద్యబృందం తోడుగా ఉండేది. 1922లో జర్మనీలో వచ్చిన 'నోస్ఫెరాటు'కు హాన్స్ ఎర్డ్‌మన్ సంగీతం రాశారు. బెర్లిన్‌లో తొలి ప్రదర్శనలో వాద్యబృందం ఎదురుగా కూర్చుని వాయించింది. విచిత్రం ఏమిటంటే, టాకీలు వచ్చాక కొంతకాలం ఈ సంగీతం మాయమైంది. 1931లో అమెరికాలో బేలా లుగోసి నటించిన 'డ్రాక్యులా'లో టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' నుంచి ఒక ముక్క వినిపిస్తుంది, కథలో పాత్రలు సంగీత కచేరీకి వెళ్ళినప్పుడు కాస్త సంగీతం వినిపిస్తుంది. మిగతా సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేనే లేదు. పాత్రల దగ్గర వాద్యాలు లేకుండా సంగీతం వినిపిస్తే, ఇది ఎక్కడి నుంచి వస్తోందని ప్రేక్షకులు తికమకపడతారేమోనని ఆనాటి నిర్మాతలు సందేహించేవారు.

1933లో 'కింగ్ కాంగ్'కు మాక్స్ స్టైనర్ రాసిన సంగీతం ఆ సందేహాన్ని తీర్చేసింది. సంగీతం ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగలేదు. అందరూ కోతిని చూసి భయపడ్డారు, చివర్లో అదే కోతి కోసం జాలిపడ్డారు. ఈ రెండో సంగతిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వద్దాం. 1931 నాటి 'డ్రాక్యులా'కు మాత్రం అరవై ఏళ్ళకు పైగా ఆగాక, 1990ల చివర్లో ఫిలిప్ గ్లాస్ నలుగురు వాయించే తీగవాద్యాల సంగీతం కొత్తగా రాశారు.

పేరులోంచి పుట్టిన బాణీ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గోతిక్ సినిమాకు కొత్త ఊపిరి పోసింది ఇంగ్లండులోని హామర్ అనే చిన్న కంపెనీ. పెద్ద పెట్టుబడి లేదు. థేమ్స్ నది ఒడ్డున బ్రే అనే చోట ఒక పాత బంగళాను స్టూడియోగా మార్చుకుని, ఉన్న సెట్లనే అటూ ఇటూ తిప్పి వాడుకునేవారు. వాళ్ళ సంగీత పర్యవేక్షకుడు జాన్ హాలింగ్స్‌వర్త్ 1955లో ఒక యువకుడికి అవకాశం ఇచ్చాడు. ఆయన పేరు జేమ్స్ బెర్నార్డ్. 1925లో బ్రిటిష్ ఇండియాలో సైనికాధికారి ఇంట పుట్టాడు. ప్రసిద్ధ సంగీతకారుడు బెంజమిన్ బ్రిటన్ ఆయన్ని ప్రోత్సహించాడు. బ్రిటన్ ఒపేరా 'బిల్లీ బడ్' రాతప్రతికి నకలు రాసిపెట్టే పని కూడా బెర్నార్డ్ చేశాడు. ఇంకో విశేషం, ఆయనకు ఆస్కార్ వచ్చింది సంగీతానికి కాదు. పాల్ డెన్‌తో కలిసి రాసిన ఒక సినిమా కథకు.

తొలి సినిమా 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పరిమెంట్'కు బెర్నార్డ్ పూర్తి వాద్యబృందాన్ని వాడలేదు. తీగవాద్యాలు, తాళవాద్యాలు, అంతే. బూరలు లేవు, పిల్లనగ్రోవులు లేవు. ఆ కొద్దిపాటి సరంజామాతోనే ప్రేక్షకుల వెన్నులో చలి పుట్టించాడు. ఆ తర్వాత అయిదేళ్ళకు, 1960లో, హిచ్‌కాక్ 'సైకో'కు బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలు మాత్రమే వాడి స్నానాల గది హత్యకు రాసిన సంగీతం ప్రపంచ ప్రసిద్ధమైంది. ఆ ఘట్టానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అన్నాడట. విన్నాక మనసు మార్చుకున్నాడు.

బెర్నార్డ్ పేరు నిలబెట్టినది 1958 నాటి 'డ్రాక్యులా'. దర్శకుడు టెరెన్స్ ఫిషర్, డ్రాక్యులాగా క్రిస్టఫర్ లీ. దీనికి ప్రధాన బాణీ కోసం బెర్నార్డ్ ఎక్కడెక్కడో వెతకలేదు. సినిమా పేరునే పలికి చూసుకున్నాడు. డ్రా, కు, లా. మూడు అక్షరాలు, మూడు స్వరాలు. ఇత్తడి వాద్యాలు ఆ మూడు స్వరాలను గర్జించినట్టు పలుకుతాయి. పైగా ఒక స్వరం పక్కనే దానితో పొసగని పొరుగు స్వరాన్ని కూడా మోగించడంతో ఆ పేరు చెవిలో గీసుకుపోతుంది.

ఈ మూడు స్వరాలకు సినిమాలో ఎంత పని ఉందో చూడండి. క్రిస్టఫర్ లీ మొదట్లో కాసేపు మాత్రమే మాట్లాడతాడు. ఆ తర్వాత ఒక్క మాటా పలకడు. 1966లో వచ్చిన 'డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లోనైతే మొదటి నుంచి చివరి దాకా ఆయనకు సంభాషణే లేదు. అయినా ఆయన వస్తున్నాడని మనకు ముందే తెలిసిపోతుంది. ఆయన లేని గదిలో కూడా ఆయన ఉన్నట్టే అనిపిస్తుంది. కిటికీ బయట ఎండుటాకులు కదిలినప్పుడు ఆ మూడు స్వరాలు మోగితే చాలు. మాటలు లేని పాత్రకు వాద్యబృందమే గొంతు అయింది.

ఇలా ఒక పాత్రకో, ఒక ఊహకో గుర్తుగా నిలిచే చిన్న బాణీ గురించి సంగీత పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలు ఉంటాయి. మనకు అవేవీ అక్కర్లేదు. డప్పు విన్నవాళ్ళకు ఈ విద్య కొత్తది కాదు. చావు దరువు వేరు, జాతర దరువు వేరు, దండోరా దరువు వేరు. పొలంలో వంగి పని చేసుకుంటున్న మనిషి తల ఎత్తకుండానే, ఊళ్ళో ఏం జరుగుతోందో దరువును బట్టి చెప్పగలడు. కంటికి కనబడని దాన్ని చెవికి చెప్పడం మన తాతలు ఏనాడో చేసిన పని. బెర్నార్డ్ దాన్ని వయొలిన్లతో, ట్రాంబోన్లతో చేశాడు.

భయాన్ని ఎలా తయారు చేస్తారు?

భయం దానంతట అది రాదు. దాన్ని కొన్ని పద్ధతుల ప్రకారం తయారు చేస్తారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది పొసగని స్వరాలు. హార్మోనియం దొరికితే పక్కపక్కనే ఉన్న ఒక తెల్ల మెట్టు, ఒక నల్ల మెట్టు కలిపి నొక్కండి. ఆ రెండు స్వరాలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఒక గరుకుదనం వినిపిస్తుంది. మామూలు సంగీతంలో అలాంటి గరుకు వెంటనే సర్దుకుంటుంది. భయానక సంగీతంలో దాన్ని కావాలనే సర్దకుండా వదిలేస్తారు. మన చెవి ఆ సర్దుబాటు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది.

రెండోది దెయ్యపు స్వరాంతరం. షడ్జమం మీద ప్రతి మధ్యమాన్ని మోగిస్తే వచ్చే దూరం ఇది. యూరప్‌లో పూర్వం దీనికి దెయ్యం పేరు పెట్టారు. చర్చి దీన్ని నిషేధించిందని కూడా ప్రచారం ఉంది కానీ దానికి సరైన ఆధారాలు లేవు. మన కల్యాణి రాగంలో ఉన్నదీ ఈ ప్రతి మధ్యమమే. కల్యాణి విని ఎవరూ జడుసుకోరు, పైగా మంగళకరమంటారు. కాబట్టి దెయ్యం స్వరంలో లేదు. ఆ స్వరాన్ని ఎక్కడ ఉంచారు, దాన్ని ఎటు నడిపించారు, నడిపించకుండా ఎలా వదిలేశారు అన్న దాంట్లో ఉంది.

మూడోది వాయించే తీరు. వయొలిన్ కమానును తీగ మీద అతి వేగంగా ముందుకూ వెనక్కూ ఆడిస్తే స్వరం వణుకుతుంది. అదే కమానును తీగలను ఎత్తిపట్టే చెక్కకు మరీ దగ్గరగా లాగితే స్వరంలో తీపి పోయి గాజు మీద గీసినట్టు ఉంటుంది. కిందనేమో పెద్ద వయొలిన్లు ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకుని ఉంటాయి. నేల కింద ఏదో ఉందన్న అనుమానం అక్కడి నుంచి వస్తుంది.

నాలుగోది గుండె చప్పుడు. టింపనీ అనే నగారా లాంటి డోలును ఒకే లయలో, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోతే వింటున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

అయిదోది నిశ్శబ్దం. ఇది చాలామంది గమనించరు. సంగీతం హఠాత్తుగా ఆగిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. సరిగ్గా అప్పుడే అన్ని వాద్యాలూ ఒక్కసారిగా విరుచుకుపడతాయి.

దీని వెనుక ప్రకృతి కూడా ఉందంటారు శాస్త్రవేత్తలు. కాలిఫోర్నియాలో డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త మార్మాట్ అనే ఉడుత జాతి జంతువుల అరుపుల మీద పరిశోధన చేశాడు. ప్రాణభయంతో అరిచే కూనల గొంతు పగిలి, గరుకుగా, స్వరం తప్పి వినిపిస్తుంది. 2010లో ఆయన బృందం సినిమాల ధ్వనిని పరిశీలిస్తే, భయానక చిత్రాల్లో అలాంటి పగిలిన ధ్వనులు ఎక్కువగా కనబడ్డాయి. పట్టుబడ్డ పిల్ల అరుపుకు తల్లి ఉలిక్కిపడుతుంది. వయొలిన్ తీగ మీద ఆ అరుపును అనుకరించిన సంగీత దర్శకుడు మనలోని ఆ పాత ఉలికిపాటునే తట్టి లేపుతున్నాడన్నమాట.

చూపులేని ముసలాయన వయొలిన్

ఇంతవరకు సంగీతం భయపెట్టే తీరు చూశాం. ఇప్పుడు 'కింగ్ కాంగ్' దగ్గర గుర్తుపెట్టుకోమన్న సంగతికి వద్దాం. అదే సంగీతం జాలి కూడా పుట్టించగలదు.

1935లో జేమ్స్ వేల్ తీసిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'కు సంగీతం రాసినవాడు ఫ్రాంజ్ వాక్స్‌మన్. ఆయన యూదుడు. 1934లో బెర్లిన్ వీధిలో నాజీ మూకలు ఆయన్ని కొట్టాయి. దేశం విడిచి పారిస్, అక్కడి నుంచి హాలీవుడ్ చేరాడు. మరుసటి ఏడే, ఊరి జనం కాగడాలు పట్టుకుని ఒక వికృత ప్రాణిని తరిమే సినిమాకు సంగీతం రాశాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆయన ఎక్కడైనా చెప్పాడో లేదో, అది మన విషయం కాదు. ఆ సంగీతం విన్నవాళ్ళకు మాత్రం తరిమేవాళ్ళ కన్నా పరుగెత్తేవాడి గుండె చప్పుడే దగ్గరగా వినిపిస్తుంది.

ఆ సినిమాలో ఒక ఘట్టం ఉంది. శవాల ముక్కలతో తయారైన ఆ ప్రాణి గాయాలతో అడవిలో పడి తిరుగుతుంటాడు. కనబడిన ప్రతివాళ్ళూ కేకలు పెట్టారు, రాళ్ళు రువ్వారు, తుపాకులు పేల్చారు. అప్పుడు దూరంగా ఒక గుడిసెలోంచి వయొలిన్ వినిపిస్తుంది. షూబర్ట్ 'ఆవే మరియా'. ఆ స్వరం పట్టుకుని అతడు గుడిసె దాకా వస్తాడు. లోపల ఒంటరి ముసలాయన. ఆయనకు చూపు లేదు. ఎవరో గాయపడ్డ మనిషి వచ్చాడనుకుని లోపలికి రమ్మంటాడు, అన్నం పెడతాడు, తనకు తోడు దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాడు. నేపథ్యంలో అదే బాణీని ఆర్గన్ అందుకుంటుంది. ఆ వికృత ప్రాణి కంట నీరు కారుతుంది. తర్వాత ముసలాయన దగ్గర 'మంచి', 'స్నేహితుడు' లాంటి మాటలు నేర్చుకుంటాడు. కాసేపటికి చూపు ఉన్న మనుషులు ఇద్దరు వస్తారు. అతణ్ణి చూస్తారు. తుపాకి ఎత్తుతారు. గుడిసె తగలబడిపోతుంది.

ముఖం అదే, మేకప్ అదే, నటుడు బోరిస్ కార్లాఫ్ కూడా అతడే. సంగీతం మారింది, మన మనసు మారింది. చూపులేని ముసలాయన లాగానే మనం కూడా కాసేపు కంటితో చూడడం మానేసి చెవితో విన్నాం. 1992లో కొప్పోలా తీసిన 'డ్రాక్యులా'కు పోలండ్ సంగీతకారుడు వోయ్‌చెక్ కిలార్ చేసింది కూడా ఇదే. వేటగాళ్ళకు కింది స్థాయిలో కదం తొక్కే తీగవాద్యాల బాణీ ఇచ్చాడు. డ్రాక్యులాకు భయంతో పాటు, చనిపోయిన భార్యను మరవలేని ప్రేమ బాణీ కూడా ఇచ్చాడు. ప్రేక్షకుడు ఎటు నిలబడాలో తేల్చుకోలేకపోయాడు.

నేపథ్య సంగీతం గురించి మేము ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే. అది తెర మీద ఏం జరుగుతోందో చెప్పదు, అది మనకు కనబడుతూనే ఉంది. ఎవరిని చూసి భయపడాలో, ఎవరి మీద జాలిపడాలో చెబుతుంది. తీర్పు ముందు సంగీతం ఇస్తుంది. కథ తర్వాత వస్తుంది.

మనకెందుకు?

మన తెలుగు సినిమాల్లోనూ ఈ విద్య బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'కి మణిశర్మ ఇచ్చిన నేపథ్య సంగీతాన్ని ఈ వ్యాసం చదివాక ఒకసారి వినండి. పైన చెప్పిన పద్ధతులు మీకే వినబడతాయి. తెలిసి వింటే ఆనందం తగ్గదు, రెట్టింపవుతుంది.

కానీ ఈ స్వరాలు ఇప్పుడు సినిమా హాలు దాటి బయటికి వచ్చేశాయి. టీవీలో నేర కథనాల కార్యక్రమం పెట్టండి. ఎవరో ఒక మనిషి ముఖం, కొన్నిసార్లు మాసిన చొక్కాతో, చింపిరి జుట్టుతో, తెర మీద ఆగిపోతుంది. పోలీసులు అనుమానిస్తున్నారు అంతే, కోర్టు ఇంకా ఏమీ తేల్చలేదు. కానీ కింద అదే లోతైన స్వరం మోగుతూ ఉంటుంది. పైన అవే వయొలిన్లు వణుకుతాయి. అంతే, ఆ మనిషి మన మనసులో నేరస్థుడైపోయాడు. అక్కడ ఒక్క అబద్ధపు మాట కూడా పలకనవసరం లేదు. ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలకు కూడా ఇప్పుడు ఎవరైనా ఇలాంటి సంగీతం అంటించగలరు.

చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదివాం. ఆ చోట వాద్యబృందం ఏమీ ఉండదు. సంగీతం చేసే పనిని అక్కడ పుకారు చేస్తుంది. ముందు భయాన్ని తయారు చేస్తుంది, ఆ తర్వాత దానికి ఒక ముఖం వెతుకుతుంది. చాలాసార్లు ఆ ముఖం ఊరి చివర, ఏ దిక్కూ లేని ఇంటిదే అయి ఉంటుంది. ఊరవతల ఉండేవాళ్ళ గురించి ఊళ్ళో ఎలాంటి కథలు తిరుగుతాయో మన హాస్టల్‌లో చదివినవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే మిత్రులారా, భయం ఎలా తయారవుతుందో తెలుసుకోవడం కాలక్షేపం చదువు కాదు. ఇది పెద్దింటి పిల్లలు పియానో ముందు కూర్చుని నేర్చుకునే విషయమనీ, మనకు సంబంధం లేదనీ అనుకోవద్దు. వాద్యబృందం మన దగ్గర లేకపోయినా చెవులు ఉన్నాయి, దరువు తెలుసు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఈసారి హాలులో అందరూ కలిసి టీవీ చూసేటప్పుడు, ఎవరి ముఖమైనా చూసి ఒళ్ళు జలదరిస్తే, రిమోట్ తీసుకుని శబ్దం పూర్తిగా తగ్గించండి. ఆ ముఖాన్ని నిశ్శబ్దంలో ఒక నిమిషం చూడండి. అప్పటికీ భయంగానే ఉంటే, అది మీ భయం. లేకపోతే దాన్ని ఎవరో రాసి, ఎవరో వాయించి, మీ చేతికి ఇచ్చారన్నమాట. తీసుకోవాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.